రెండో డిస్కు



హార్డ్ డిస్కు పోయేటప్పుడు చేసే చప్పుడు మీరెప్పుడైనా విన్నారా? చెవితో వినే సంగతి గనక రేడియోలో దాంతోనే మొదలుపెడతాను. బాగున్న డిస్కును కంప్యూటరుకు తగిలిస్తే సన్నగా జుయ్‌మని తిరగడం మొదలెడుతుంది. ఆ తర్వాత, దగ్గరికి వంగి వింటే తప్ప తెలియనంత మెల్లగా, ఎలుకపిల్ల కాగితం గీరుతున్నట్టు చిన్న చప్పుడు. అంతే. పాడైన డిస్కు అలా ఉండదు. టిక్ అంటుంది. ఆగుతుంది. మళ్లీ టిక్ అంటుంది. లోపల చదివే ముల్లు తన చోటు వెతుక్కోవడం, దొరక్క వెనక్కి పోవడం, మళ్లీ రావడం. ఆ తంటాకే ఆ చప్పుడు.

నేను దాన్ని మొదటిసారి విన్నది ఒక ఆదివారం మధ్యాహ్నం, మా స్టూడియోలో. నాది కాకినాడలో ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాం. అప్పటికి నాలుగు రోజుల కిందట తీసిన పెళ్లి తాలూకు ఫుటేజీ అంతా కెమెరా కార్డుల్లోంచి డిస్కులోకి ఎక్కించాం. మర్నాడు ఇంకో ఫంక్షను ఉంది, కార్డులు కావాలి, తుడిచేశాం. డిస్కు బల్లమీద తిరుగుతూ ఉంది. టీ గ్లాసు అందుకుందామని లేచాను. కేబులు నా కాలికే తగిలింది. బల్ల ఎత్తు ఎంతని? రెండున్నర అడుగులు. కింద పరిచింది గ్రానైటు.

పెళ్లికూతురి తండ్రికి ఫోను చేసి ఉన్నమాట చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "తమ్ముడూ, తాళి కట్టింది అందరం చూశాంలే. చదివింపుల వీడియో ఉందా, లేదా?" అన్నారు. సంగతేమిటంటే, మగపెళ్లివారి మేనత్తగారు చదివించింది బంగారు ఉంగరమా, వెండి గిన్నా అని రెండు ఇళ్ల మధ్యా మాట పట్టింపు నడుస్తోంది. పుస్తకంలో రాసినాయన ఒకటి రాశాడు, మైకులో చదివినాయన ఇంకొకటి చదివాడు. తీర్పు చెప్పాల్సింది నా డిస్కు. అది టిక్, టిక్ అంటోంది.

ఆ డిస్కును హైదరాబాదులో డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లాను. దుమ్ము లేని గదిలో దాని మూత విప్పి, అదే మోడలు డిస్కు ఇంకొకటి తెచ్చి, దాని ముల్లు తీసి దీనికి అమర్చారు. అవయవదానం లాంటిదే. మూడు వారాలు పట్టింది. బిల్లు ఆ పెళ్లి మీద నాకు మిగలాల్సిన సొమ్మును దాటిపోయింది. చివరికి దొరికింది సగం. తాళి కట్టిన ఘట్టం పోయింది, తలంబ్రాలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. చదివింపులు మాత్రం నలభై నిమిషాలూ, ఒక్క ఫ్రేము పోకుండా వచ్చాయి. ఉంగరమే.

హార్డ్ డిస్కు కొనడానికి వెళ్తే కౌంటర్లో కుర్రాడు అడిగే మొదటి మాట "ఎన్ని టీబీ కావాలండీ?" మనమూ దానికే సిద్ధపడి వెళ్తాం. ఒక టీబీకీ రెండు టీబీలకీ ఇంతేనా తేడా, అయితే పెద్దదే ఇవ్వు అంటాం. బియ్యం బస్తా బేరమాడినట్టు. నన్నడిగితే కొట్టు మెట్లెక్కక ముందే మనల్ని మనం అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఇందులో పెట్టబోయేది ఇంకెక్కడైనా ఉందా?

ఎందుకంటే చాలామంది డిస్కు కొనేది ల్యాప్‌టాప్ నిండిపోయినప్పుడు. నిండిన గీత ఎర్రబడుతుంది. పదేళ్ల ఫొటోలూ, పిల్లల డాన్సు వీడియోలూ, ఇంటి కాగితాల స్కానులూ అన్నీ కొత్త డిస్కులోకి మార్చి, ఇక్కడ డిలీట్ కొట్టేస్తారు. బ్యాకప్ తీశానండీ అంటారు. సామాను పాతింటి నుంచి కొత్తింటికి మార్చి, రెండిళ్లు ఉన్నాయనుకోవడమే అది. ఉన్నది ఒక్క కాపీ. అదీ, జారితే పోయే వస్తువులో.

అందుకని నాలుగు టీబీల డిస్కు ఒకటి కొనాలనుకునేవాళ్లకు రెండు టీబీలవి రెండు కొనమని చెప్తాను. డబ్బు కాస్త ఎక్కువే పడుతుంది, అబద్ధం చెప్పను. అంత లేదంటారా, ఒక టీబీవే రెండు కొనండి. చోటు తక్కువైనా సరే, కాపీలు రెండుండాలి. రెండూ ఒకే రోజు ఒకే కొట్లో కొనకండి. ఒకే రకం, ఒకే విడత సరుకైతే, ఒకదానికి వచ్చే జబ్బు రెండోదానికీ వచ్చే వీలుంది. ఏ కంపెనీది మంచిదని అడుగుతారు. ఇవాళ ప్రపంచంలో ఈ తిరిగే డిస్కులు తయారుచేసేవి మూడే కంపెనీలు. సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. పైన పెట్టెమీద ఎవరి పేరున్నా లోపల తిరిగేది ఈ మూడింట్లో ఒకరిదే. కాబట్టి పేరు కోసం బుర్ర పాడుచేసుకోకండి. ఎవరిదైనా ఏదో ఒక రోజు ఆగిపోయేదే.

అసలు అది అంత సుకుమారం ఎందుకైందో చెప్తాను. లోపల అద్దంలాంటి గుండ్రటి పళ్లేలు ఉంటాయి. జేబులో పట్టే డిస్కుల్లో చాలావాటిలో అవి నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 90. పళ్లెం అడ్డుకొలత రెండున్నర అంగుళాలే అయినా, అంచు దగ్గర వేగం లెక్కేస్తే గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. హైవే మీద ఆర్టీసీ బస్సు వేగం. ఆ పళ్లెంమీద చదివే ముల్లు ఆనదు, గాలిలో తేలుతుంది. మధ్య ఉండే ఖాళీ మన వెంట్రుక మందంలో కొన్ని వేల వంతులు చేస్తే అందులో ఒక వంతు. బస్సు ఆ వేగంతో పోతూ రోడ్డుకు తగలకుండా, రోడ్డుమీద గీతలు చదువుతోందనుకోండి. ఇప్పుడు ఆ బస్సును ఎవరో టీ గ్లాసు కోసం లేచి తన్నారు.

ఆగి ఉన్న డిస్కు కాస్త గట్టిది. ముల్లు తన గూట్లో ముడుచుకుని ఉంటుంది, చిన్న దెబ్బకు తట్టుకోవచ్చు. తిరుగుతున్నదాన్ని మాత్రం ఎత్తడం, పక్కకు జరపడం, ఒళ్లో పెట్టుకోవడం పనికిరావు. కేబులును పొట్టిగా ఉంచుకోండి. డిస్కును అసలు బల్ల అంచున పెట్టకండి. గోడవైపు పెట్టండి.

మొట్టమొదటి హార్డ్ డిస్కును ఎవరూ కాలితో తన్ని పడేయలేకపోయేవారు. 1956లో ఐబీఎం తెచ్చిన ఆ యంత్రం బరువు ఒక టన్ను. రెండడుగుల అడ్డుకొలతతో 50 పళ్లేలు. అన్నీ కలిపి దాచగలిగింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ మీ ఫోను తీసే ఒక్క ఫొటోకు బొటాబొటిగా సరిపోయే చోటు. అక్కడి నుంచి జేబులోకి దిగడానికి ఎంతోమంది బుర్రలు పనిచేశాయి. ఆ ముల్లు అంత సన్నటి అయస్కాంత గుర్తుల్ని పసిగట్టడానికి మూలమైన సూత్రం కనిపెట్టిన ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్‌లకు 2007లో నోబెల్ ఇచ్చారు.

ఇక చోటు లెక్క. దగ్గర్లో కాగితం ఉంటే ఒక్క అంకె రాసుకోండి. 931. ఒక టీబీ డిస్కు కొని విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే కనపడేది ఇంత. 69 జీబీ ఎవడు తిన్నాడని కొట్టువాడితో పోట్లాడిన పెద్దమనుషుల్ని చూశాను. ఎవరూ తినలేదు. తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కపెడతారు, విండోస్ 1,024 చొప్పున లెక్కపెడుతుంది. సరుకు అదే, సోల వేరు.

మీకెంత కావాలో అంచనా వేయడం కష్టం కాదు. ఫోను ఫొటో ఒకటి అయిదు ఎంబీ అనుకుంటే ఒక టీబీలో రెండు లక్షల ఫొటోలు పడతాయి. మామూలు కుటుంబానికి చాలా ఏళ్ల పాటు చాలు. చోటు తినేది వీడియో. మా కెమెరాలు 4కేలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు, ఎనిమిది గంటల పెళ్లి, 720 జీబీ. మాలాంటి వాళ్లకు టీబీలు కావాలి. మనవడి అన్నప్రాశన ఫొటోలు దాచుకునే తాతగారికి అక్కర్లేదు.

తిరిగే డిస్కా, ఎస్‌ఎస్‌డీయా అన్నది తర్వాతి పేచీ. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ ఉండదు. అంతా చిప్పులే. కింద పడ్డా చాలావరకు తట్టుకుంటుంది, బరువుండదు, చప్పుడుండదు. వేగం సంగతి లెక్కతో చెప్తాను. 500 జీబీ ఎక్కించడానికి తిరిగే డిస్కుకు గంటా పది నిమిషాలు పడితే, మామూలు ఎస్‌ఎస్‌డీకి పావుగంట దాటి ఓ రెండు నిమిషాలు. అదే పాత రకం యూఎస్‌బీ 2 మూతికి తగిలిస్తే ఏదైనా సరే దాదాపు నాలుగు గంటలు. అందుకని కంప్యూటరు పక్కన ఉండే మూతులు ఒకసారి చూసుకోండి. లోపలి నాలుక నీలంరంగులో ఉంటే చాలావరకు అది వేగం రకం. పెట్టెమీద యూఎస్‌బీ 3.2 జెన్ 1 అని ఉంటే కొత్త సరుకని మురిసిపోకండి. 2008లో వచ్చిన 3.0కే పెట్టిన కొత్త పేరది. మా ఊళ్లో హోటళ్లు చేతులు మారినప్పుడల్లా పేరు మారుస్తారు, ఇడ్లీ మాత్రం అదే.

మరి ఎస్‌ఎస్‌డీయే కొనుక్కుంటే పోలా? రోజూ తిప్పేవాళ్లు, ఎడిటింగ్ చేసేవాళ్లు, కాలేజీ బ్యాగులో పడేసుకు తిరిగే పిల్లలు అదే కొనాలి. బీరువాలో పెట్టి మర్చిపోయేవాళ్లకు నేను దాన్ని సిఫారసు చేయను. రెండు కారణాలున్నాయి. ఒకటి, అదే చోటుకు ధర బాగా ఎక్కువ. రెండోది ఎవరూ చెప్పరు. ఎస్‌ఎస్‌డీలో సమాచారం నిలబడేది చిప్పుల్లో బంధించిన విద్యుత్తు మీద. మట్టికుండ చెమర్చినట్టు అది ఏళ్లమీద సన్నగా కారిపోతుంది. వేడి ఎక్కువైతే ఇంకాస్త తొందరగా. అప్పుడప్పుడూ కరెంటు తగిలిస్తూ వాడుకునేవాళ్లకు భయం లేదు. నాలుగైదేళ్లు ముట్టుకోకుండా పెడితే మాత్రం భరోసా ఇవ్వలేం. దాచిపెట్టడానికి తిరిగే డిస్కే నయం. దాన్ని కూడా ఏడాదికోసారైనా తిప్పి చూడాలనుకోండి.

తిరిగే డిస్కుల్లోనూ ఒక కిటుకుంది. తక్కువ చోట్లో ఎక్కువ పట్టించడానికి, గీతల్ని పెంకుటింటి కప్పులాగా ఒకదాని అంచు మీద ఇంకొకటి పేరుస్తారు. ఎస్‌ఎమ్‌ఆర్ అంటారు దీన్ని. పెంకుటింట్లో పెరిగినవాళ్లకు వెంటనే తెలుస్తుంది, మధ్యలో పెంకు ఒకటి పగిలితే ఆ ఒక్కటే మార్చలేం, మీదివి కొన్ని తీసి మళ్లీ పేర్చాలి. ఈ డిస్కూ అంతే. ఉన్నదాన్ని మార్చి రాయాలంటే పక్కవి కూడా తీసి మళ్లీ రాసుకుంటుంది. మొదట్లో వేగంగా ఎక్కుతున్నట్టే ఉండి, కాసేపటికి నత్తనడక పడుతుంది. పాడైందని కంగారుపడి పీకేయకండి. జేబు సైజు డిస్కుల్లో పెద్దవి చాలావరకు ఈ రకమే. ఒకసారి ఎక్కించి దాచుకునేవాళ్లకు దీంతో ఇబ్బంది లేదు, రోజూ రాసి చెరిపేవాళ్లకు ఉంది.

కొన్న తర్వాత ఫార్మాట్ సంగతి. ఇంట్లో అన్నీ విండోస్ కంప్యూటర్లే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టుకోండి. పిల్లల దగ్గర మ్యాక్ ఉంటే అది ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుంది గానీ రాయదు, అప్పుడు ఎక్స్‌ఫ్యాట్. పాత ఫ్యాట్32 జోలికి పోకండి, ఒక ఫైలు నాలుగు జీబీలు దాటితే అది పట్టదు. టీవీకి తగిలించి సినిమాలు చూసేవాళ్లు టీవీ ఏది చదువుతుందో ముందు కనుక్కోండి.

ఇప్పుడొక మోసం గురించి కాస్త నిలిచి చెప్పాలి. నెట్‌లో 16 టీబీ ఎస్‌ఎస్‌డీ, వెయ్యి రూపాయలు, అని కనపడుతుంది. మా మేనల్లుడొకడు తెప్పించాడు. తగిలిస్తే కంప్యూటరు నిజంగానే 16 టీబీ అని చూపించింది. వాడి ఆనందం చెప్పలేను. "మావయ్యా, నువ్వు ఊరికే వేలు తగలేస్తున్నావు" అని నాకే పాఠం చెప్పాడు. నేను స్క్రూడ్రైవరు తెచ్చాను. విప్పితే లోపల చిన్న సర్క్యూటు బోర్డు, దానికి జిగురుతో అంటించిన ఫోను మెమరీ కార్డు, చేతికి బరువు తెలియడానికి ఒక ఇనుప రేకు. ఆ బోర్డు చేసే పని ఒక్కటే, కంప్యూటరుకు అబద్ధం చెప్పడం. అసలున్న చోటు నిండేదాకా బాగానే ఎక్కుతుంది. ఆ తర్వాత కొత్తది పాతదాని మీద పడుతుంది, లేదా గాల్లో కలుస్తుంది. ఫైళ్ల పేర్లు మాత్రం ఉంటాయి, తెరిస్తే ఏదీ రాదు. ఇలాంటివి పట్టుకోవడానికి ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచిత ప్రోగ్రాములున్నాయి. డిస్కంతా నింపి, నింపింది మళ్లీ చదివి చూస్తాయి. మంచి కొట్లో కొన్నా సరే ఏ డిస్కునైనా మొదటి రెండు రోజులు ఇలా ఒక చుట్టు నింపి చూసుకోవడం నా అలవాటు. మీ ఫొటోలు ఎక్కించకముందే లోపం బయటపడితే మార్చుకోవడం తేలిక.

వారంటీ మాటొస్తే, అది డిస్కుకే వర్తిస్తుంది. పాతది వాళ్లకిచ్చేస్తే వేరే డిస్కు ఇస్తారు. అందులో ఉన్న మీ అమ్మాయి పెళ్లి ఇవ్వరు. ధరలు నేను చెప్పను, ఇవాళ చెప్పింది మీరు కొట్టుకు వెళ్లేనాటికి ఉండదు. 2011లో థాయిలాండ్‌లో వరదలొచ్చి అక్కడి డిస్కు ఫ్యాక్టరీలు మునిగితే, ఇక్కడ మన బజార్లో ధరలు అమాంతం లేచాయి. గోదారి వరదలకు పీడకలలు కనే మాకు, ఎక్కడో ఉన్న నది కూడా మా ఖర్చు పెంచుతుందని అప్పుడే తెలిసింది.

క్లౌడులో పెట్టుకోవచ్చు కదా అనేవాళ్లుంటారు. పెట్టుకోండి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిలూ, ఫొటోలూ అన్నీ. ఆపైన నెలనెలా కట్టాలి. ఆధార్, పట్టాదారు పుస్తకం, సర్టిఫికెట్ల స్కానులకు అది బాగుంటుంది. నా 720 జీబీల పెళ్లి మాత్రం మా ఇంటర్నెట్టు మీద పైకెక్కేసరికి ఆ కొత్త జంటకు మొదటి పండగ వచ్చేస్తుంది.

మా తీరప్రాంతం వాళ్లకు ఇంకో శత్రువు ఉంది, ఉప్పు తేమ. కెమెరా లెన్సులకు బూజు పట్టించేదీ, కేబుల్ మూతుల మీద పచ్చటి చిలుము తెచ్చేదీ అదే. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు పారేయకండి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో డిస్కుతో పాటు వేయండి. ఏడాదికోసారి కొత్తవి మార్చండి. కేబులును కూడా డిస్కుతోనే ఉంచండి. వెడల్పు మూతి ఉన్న పాత కేబులు అవసరమొచ్చినప్పుడు ఊళ్లో దొరకదు. కాపీ అయిపోగానే కంప్యూటరులో ఎజెక్ట్ కొట్టి, చప్పుడు ఆగేదాకా ఆగి, అప్పుడు తీయండి. తీసి లోపల పెట్టేయండి. తగిలించే ఉంచితే, కంప్యూటరుకు పట్టిన వైరస్ దానికీ పడుతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రకాలు ముందు వెతికేది అలా తగిలించి ఉన్న డిస్కులనే.

ఆ పెళ్లివారి సంగతి సగంలో ఆపాను. ఉంగరం వీడియో పెన్‌డ్రైవులో వేసి పట్టుకెళ్తే రెండిళ్ల వాళ్లూ టీవీ ముందు కూర్చుని చూశారు. మేనత్తగారు మాత్రం తెర మీద తనను చూసుకుని, "నా చీర రంగు సరిగా పడలేదేంటి బాబూ" అన్నారు. పోయిన మాఘమాసంలో వాళ్ల రెండో అమ్మాయి పెళ్లి నాకే ఇచ్చారు. ముహూర్తానికి వారం ముందు ఆయన ఫోను చేశారు. నేను బడ్జెట్ మాట అనుకున్నాను.

"తమ్ముడూ, రెండో డిస్కు కొన్నావా?"

"కొన్నానండీ. వేరే కొట్లో, వేరే కంపెనీది."

"అది నీ స్టూడియోలో పెట్టకు. మా ఇంట్లో పెట్టు."

నిజానికి నేను చెప్పాల్సిన మాట అది. రెండు కాపీలూ ఒకే గదిలో ఉంటే మంటకైనా, దొంగకైనా, గోదారికైనా రెండూ ఒకేసారి దొరుకుతాయి. ఇప్పుడు ఆ డిస్కు వాళ్ల బీరువాలో పై అరలో, పట్టుచీరల మధ్య, మూత బిగించిన టిఫిను డబ్బాలో ఉంది. డబ్బా మీద అమ్మాయి పేరు, పెళ్లి తేదీ, ఎక్కించిన తేదీ ఆయన భార్యే రాసి అంటించారు. సంక్రాంతికి నేను అరిసెలు తినడానికి వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి తగిలిస్తాను. అందరం ఒక్క నిమిషం మాటలాపి, చెవులు పెట్టి వింటాం. జుయ్‌మంటుంది.